ఎదుగుడు నొప్పి

ఫిబ్రవరి 3, 2025. పెనుకొండ.

గొర్రెలు కాసే పాపన్న బెంగళూరు నుంచి తిరిగి వచ్చేశాడు. కూతురు ధనలక్ష్మిని కూడా తెచ్చేశాడు. మోకాలి పైన ఎముకలోంచి ముక్క తీసి పరీక్ష చేశారట. ఎముక క్యాన్సర్. వెంటనే మందు ఎక్కించడం మొదలుపెట్టాలి, రెండు మూడు నెలల్లో కాలు తొడ దాకా తీసేయాలి, ఒక్క వారం కూడా ఆగొద్దు అన్నారట. వీడు ఫైలు చంకన పెట్టుకుని, పిల్లను బస్సెక్కించి, నేరుగా మా ఇంటికి వచ్చాడు.

పదిహేనేళ్ల పిల్ల. పోయిన ఏడాది ఖోఖోలో జిల్లా పోటీలకు ఆడింది. ఈ రోజు మా ఇంటి మూడు మెట్లు ఎక్కలేక ఆటోలోనే కూర్చుండిపోయింది.

పాపన్న గుమ్మం బయటే నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే నిలబడతాడు. లోపలికి రమ్మంటే రాడు.

"ఎదుగుడు నొప్పికి కాలు తీస్తారా సార్, యాడన్నా?"

నేను మాట మార్చాను. కట్టు ఎవరు కట్టారు, హిందూపురంలో ఎక్కడ చూపించావు అని వరసగా అడిగి కాగితం మీద రాసుకున్నాను. నొప్పి మొదలైన నాటి నుంచి నేటికి ఏడు నెలలు. ఇక్కడి నుంచి బెంగళూరుకు బస్సులో మూడు గంటలు. మన టమాటాలు వాడిపోకుండా చేరతాయి. ఈ పిల్లకు ఏడు నెలలు పట్టింది.

కలెక్టరుకు అర్జీ రాస్తాను. పేర్లతో సహా. ఎవరినీ వదలను.

ఫిబ్రవరి 4

అర్జీ మొదటి పేరా నాలుగుసార్లు రాసి చించాను. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి శాఖా గ్రంథాలయం నడిపినవాడిని. తెలుగు వాక్యం ఎలా నిలబడాలో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పదవీ విరమణ నాడు జ్ఞాపిక మీద నా పేరును 'రామంజనేయులు' అని చెక్కించిన పెద్దమనుషులు అసలే చెప్పనక్కరలేదు. పదమూడేళ్లయింది. ఆ దీర్ఘం ఇంకా బాకీ ఉంది.

ముద్దాయి ఒకటి: ఓబుళప్ప, ఎముకల కట్టు, ధర్మవరం.
ముద్దాయి రెండు: హిందూపురం నర్సింగ్ హోం.

ఇంట్లో కూర్చోలేకపోయాను. బస్టాండు దాకా నడిచి, ఏ బస్సూ ఎక్కకుండా తిరిగొచ్చాను. మళ్లీ పోయాను.

ఫిబ్రవరి 5. ధర్మవరం పోయి వచ్చాను.

ఓబుళప్ప నాతో ఐదో తరగతి దాకా చదివాడు. 1993లో మా లైబ్రరీ నుంచి మూలికల పుస్తకం తీసుకుపోయి ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. రిజిస్టరులో వాడి సంతకం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ ఒక్క పుస్తకంతోనే వాడు వైద్యుడయ్యాడని నా నమ్మకం.

ఊరి చివర, మగ్గాల చప్పుడు వినబడే చోట రేకుల షెడ్డు. కోడిగుడ్ల అట్టలు, వెదురు బద్దలు, పాత పంచెల పీలికలు. వరసలో పదీ పదిహేను మంది. వాళ్ల ముందే దులిపేద్దామని పోయాను.

"ఏమప్పా రామాంజీ, కాలా, చెయ్యా?"

"నీ పని పట్టేకి వచ్చినా. పాపన్న కూతురుకి ఎన్ని కట్లు కట్టినావు?"

"మూడు. నూనె పెట్టి రుద్దినా గూడా. ఏం?"

"నువ్వు రుద్దింది క్యాన్సరు గడ్డను రా!"

తెల్లసొన గిన్నె కింద పెట్టాడు. వరసలో వాళ్లంతా మా వైపు తిరిగారు. నేను కోరుకున్నదే అది. కానీ వాడు కోప్పడలేదు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఆ బిడ్డకా? అయ్యో." అన్నాడు. "ఇరిగిందా అని అడిగినా. ఇరగలేదనె. యాడన్నా పడిందా అంటే పడలేదనె. నాకు అనుమానమే వచ్చె రామాంజీ. దావఖానాకు పో పాపన్నా అంటి. ఏమనెనో తెలుసునా? 'లైబ్రరీ సారు చూసినాడు, ఎదుగుడు నొప్పే అన్నాడు, నువ్వు ఊరికే రోంత కట్టు కట్టు' అనె. మూడు వేల పుస్తకాలు చదివినోడివి. నువ్వు అన్నాక కాదనేకి నేనెవరప్పా?"

వరసలో ఒక ముసలామె నా ముఖం పరీక్షగా చూసింది.

నా పుస్తకం ఏదిరా అన్నాను. లోపలికి పోయి తెచ్చాడు. అట్ట ఊడకుండా ప్లాస్టిక్ కవరు వేసి దాచాడు. "చదువుకుందామని తెచ్చుకుంటి. బొమ్మలు చూసినా, అంతే. అక్షరాలు శానా చిన్నవి."

బస్సులో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు చెప్పింది అబద్ధం. 'చూశాను' అని నేను ఎప్పుడూ అనలేదు.

ఫిబ్రవరి 6

నిన్నటి పేజీలో ఓబుళప్ప మాటలు కొట్టేద్దామని కలం తీశాను. కొట్టేస్తే వాటిలో ఏదో ఉన్నట్టవుతుంది. వదిలేశాను.

ఫిబ్రవరి 7. హిందూపురం.

నర్సింగ్ హోంలో డాక్టరు ఆపరేషనులో ఉన్నాడు. చీటీలు రాసే అమ్మాయి పేరు రేష్మ అని కోటు మీద ఉంది.

"కూసోండి తాతా. మీకు యాడ నొప్పి?"

"నాకు నొప్పి లేదు. కోపం ఉంది."

"దానికి మా దగ్గర మాత్ర లేదు తాతా." నవ్వి పక్కవాడి చీటీ రాయసాగింది.

ధనలక్ష్మి పేరు, ఊరు చెప్పాను. నొప్పి మాత్రలిచ్చి పంపేశారు కదా, ఆ పిల్లకు కాలు తీస్తున్నారు తెలుసా అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. కంప్యూటరులో వెతికింది.

"అక్టోబరు పదిహేడు. మోకాలి పైన వాపు. డాక్టరు ఎక్స్-రే రాసినారు తాతా. ఆ పొద్దు మా మిషను చెడిపోయుండె. సోమవారం రమ్మంటిమి. వాళ్లు రాలేదు."

"రాకపోతే వదిలేస్తారా? ఒక ఫోన్ చేసి అడగరా?"

"నేనే చేసినా. చిన్నపిల్ల గదా అని చేసినా. వాళ్ల నాయన ఎత్తినాడు. గొర్రెలు ఈనే కాలం, మళ్లీ ఒక దినమంతా పోతాది అన్నాడు. రెండోసారి చేస్తే, వాళ్లకు తెలిసిన సారు ఒకాయన ఎక్స్-రేలు వద్దన్నాడంట. శానా చదువుకున్నాయనంట." చీటీల కట్ట బల్ల మీద గట్టిగా తట్టింది. "ఎవరో తాతా ఆ మహానుభావుడు. మీకు కనపడితే నాకు ఫోన్ చేయండి. నేనూ ఆయనతో రోంత మాట్లాడాల."

మిషను చెడిపోవడం మాత్రం రాసుకున్నాను. హిందూపురంలో మిషను చెడిపోతే నాలుగు రోజులు. బెంగళూరులో చెడిపోతే పక్క వీధి. ఇది అర్జీలో బాగా కుదిరే వాక్యం.

ఆ అమ్మాయికి నా పేరు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఫిబ్రవరి 8

మా ఆవిడ కౌసల్యమ్మ పొద్దున కాఫీ గ్లాసు నా అర్జీ కాగితాల మీదే పెట్టింది. కావాలనే పెట్టింది.

"ఏమయ్యా, ముద్దాయిలు ఇద్దరేనా?"

"ప్రస్తుతానికి."

"మన ఐశ్వర్యకు మోకాలు నొచ్చింది యాపొద్దు?"

ఎందుకు అడుగుతోందో తెలిసి కూడా, గుర్తు లేదన్నాను. ఆమెకు గుర్తుంది. పోయిన మే నెల. మా అమ్మాయి మాధవి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, పాపకు మోకాలు నొప్పిగా ఉంది నాయనా అంది. ఎదుగుడు నొప్పి, రెండు వారాల్లో పోతుంది అన్నాను. అల్లుడు వెంకటేష్ ఫోన్ లాక్కుని, "ఒక ఎక్స్-రే తీస్తే పోతుంది కదా మామా, మా వీధిలోనే మూడు ఉన్నాయి" అని, ఆ సాయంత్రమే తీయించాడు. ఏమీ లేదు. వాళ్ల డాక్టరు కూడా ఎదుగుడు నొప్పే అన్నాడు. నేను వెంకటేష్‌కు ఫోన్ చేసి, "చూసినావా?" అన్నాను. పోస్టాఫీసులో చెప్పాను, మందుల షాపులో చెప్పాను. బెంగళూరు డాక్టరు ఎక్స్-రే తీసి కనుక్కున్నది నేను ఫోనులో కనుక్కున్నానని వారం రోజులు ఊరంతా చెప్పాను.

"రెండు నెల్లు తిరక్కుండానే పాపన్న వచ్చె," అంది కౌసల్యమ్మ. "మన పాపకు ఫిల్ము తీసి చెప్పిన మాట, ఆ బిడ్డకు ఫిల్ము లేకుండానే చెప్తివి. మన పాప విషయంలో నీ మాట ఎవరూ వినలేదు కాబట్టి సరిపోయె. ఆ బిడ్డ వాళ్లు విన్నారు."

తేదీల కోసం 2024 డైరీ వెతికాను. కనిపించలేదు.

ఫిబ్రవరి 9

కనిపించలేదని నిన్న రాశాను. బీరువా పై అరలో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

జూలై 9 పేజీ చదివాను. ఇక్కడ మళ్లీ రాయను.

ఫిబ్రవరి 9, సాయంత్రం

పాపన్నకు నా మాట అంటే అంత గురి ఎందుకో కూడా రాసుకోవాలి. పదకొండేళ్ల కింద వాడి మందకు నీలినాలుక రోగం వచ్చింది. మూడు పుస్తకాలు ముందేసుకుని, మందలోకి పోయి, ఒక్కో గొర్రె నోరు తెరిపించి చూసి, పశువుల డాక్టరును నేనే పిలిపించాను. అరవై గొర్రెల్లో ఒక్కటి పోలేదు.

గొర్రెల నోళ్లు తెరిపించి చూశాను.

ఫిబ్రవరి 10. పాపన్న వాళ్ల పల్లె.

పాత డైరీ సంచిలో వేసుకుని పోయాను. ఇది వివరంగా రాస్తాను.

ధనలక్ష్మి వసారాలో మంచం మీద ఉంది. కాలు చాపి, దాని మీద దుప్పటి వేసుకుంది. దుప్పటి కిందినుంచి కూడా వాపు తెలుస్తోంది. పాపన్న గొర్రెల దొడ్డి ముళ్లకంప సరిచేస్తున్నాడు. వాడి భార్య చౌడక్క నన్ను చూసి కూర్చోమనలేదు, చాప మాత్రం పరిచింది.

"మీరన్నా చెప్పండి సామీ," అంది. "వారమాయె. ఆసుపత్రోళ్లు రెండుసార్లు ఫోన్ చేసిరి. ఈయప్ప ఎత్తడు."

"కాలు లేని ఆడబిడ్డను ఏం చేసుకుందుమే?" పాపన్న దొడ్డిలోంచే అరిచాడు. "మందలో ఒక గొర్రెకు కాలు పోతే ఏం చేస్తామో సారుకు తెలీదా?"

"నేను గొర్రెనా నాయనా?" అంది ధనలక్ష్మి. "అట్లయితే బక్రీదు దాకా ఆగు. మంచి ధర వస్తాది."

చౌడక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

పాపన్న వచ్చి నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఎలా చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు కట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"పాపన్నా, అది ఎదుగుడు నొప్పి కాదు. ఆ పొద్దు నేను తప్పు చెప్పినా."

వాడు నా వైపు అనుమానంగా చూశాడు. తర్వాత పళ్లు కనబడేలా నవ్వాడు.

"ఎవురు చెప్పిచ్చినారు సార్? ఆ బెంగళూరు డాక్టరా? నీకు గూడా ఫోన్ చేసినాడా?"

"ఎవరూ చెప్పించలేదు. తప్పు నాదే."

"నీ మాట తప్పేది ఎట్ల సార్? అరవై గొర్రెలు. ఒక్కటి పోలేదు."

నన్ను కాదనడానికి వాడికి మనసు రావడం లేదు. నా మాట తప్పని నేనే చెప్పినా వాడు నమ్మడు. ఇన్నేళ్లూ నా మాట ఎవరూ లెక్కచేయరని ఏడ్చినవాడిని. సంచిలోంచి డైరీ తీశాను. వాడికి చదువు రాదు. ధనలక్ష్మి చెయ్యి చాపింది. నేనే చదువుతానంటే, "నాకు అచ్చరాలు వస్తాయి సార్" అంది.

జూలై 9 పేజీ తీసి ఇచ్చాను. బడిలో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"'ఈ రోజు పత్రికలో నా ఉత్తరం వేశారు. పదహారు వాక్యాలు రాస్తే తొమ్మిది వేశారు...'" చదువుతూ పోయింది. పత్రిక వాళ్లు తీసేసిన ఏడు వాక్యాలనూ నేను ఆ పేజీలో మళ్లీ రాసుకున్నాను. ఆ పిల్ల ఏడింటినీ చదివింది. నా ఉత్తరం దేని గురించో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. పేజీ చివర ఉంది ఆమె గురించి.

"'పాపన్న వచ్చాడు. కూతురికి మోకాలి పైన నొప్పి, రాత్రిళ్లు ఎక్కువట. ఎదుగుడు నొప్పి అని చెప్పి పంపాను. ఎక్స్-రేలు పట్నం వాళ్ల వేషాలు, వద్దన్నాను. మధ్యాహ్నం ఉలవచారు బాగుంది.'"

డైరీ మూసి దుప్పటి మీద పెట్టుకుంది.

"ఆ పొద్దు నేను మీ వాకిట్లోనే ఉంటి సార్. మీరు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకోనుండ్రి. పేపరు తీయకుండానే చెప్తిరి."

చౌడక్క లేచింది. "ఇంత చదివి ఏం చేస్తివి సామీ? ఇన్ని పుస్తకాలు మింగి, నా బిడ్డ కాలొక్కటి చూసేకి లేకపాయెనా?" ఇంకా చాలా అంది. కొన్ని రాయలేను. అన్నీ న్యాయమే.

పాపన్న లేచి దొడ్డి దాకా పోయాడు. ముళ్లకంప పట్టుకుని నిలబడ్డాడు. చేతికి ముళ్లు గుచ్చుకుని ఉంటాయి. తిరిగి వచ్చాక మొదటిసారి నన్ను 'సార్' అనకుండా మాట్లాడాడు.

"ఇప్పుడు చెప్పేదన్నా నిజమేనా?"

"నా మాట అడగొద్దు పాపన్నా. నేను చూడలేదు. వాళ్లు ఎముక లోపల చూసి రాసినారు. ఫైలులో ఉంది, అదే విను."

"నాయనా," అంది ధనలక్ష్మి. "సారు మాట విని ఏడు నెల్లు కూసుంటిమి. ఇంక ఎవురి మాటా వద్దు. కాలు నాది. నేను పోతా. నువ్వు వస్తావా, అమ్మను తీసుకపోవాల్నా?"

వాడు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. కూతురి పాదం దుప్పటి మీదనే పట్టుకున్నాడు.

"పొద్దున బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు. నన్ను కాదు, ఆమెను అడిగాడు.

ఫిబ్రవరి 11. బెంగళూరు.

నన్ను రమ్మని ఎవరూ అనలేదు. వెనక సీటులో కూర్చుని వచ్చాను. వెంకటేష్ బస్టాండుకు కారు తెచ్చాడు. 'చూశారా మామా' అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 13

మందు ఎక్కించడం మొదలైంది. ఊపిరితిత్తుల్లో కూడా రెండు చిన్న మచ్చలు ఉన్నాయట. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మందుకు లొంగుతాయేమో చూద్దాం, మాట ఇవ్వలేను అంది. మాట ఇవ్వలేను అని ఎంత సులువుగా అంది!

పక్క మంచం బెంగళూరు పిల్లది. అదే వయసు, అదే మోకాలు, అదే జబ్బు. నొప్పి మొదలైన మూడో వారంలో వచ్చిందట. కాలు తీయలేదు. చెడిన ఎముక తీసి లోహపు కడ్డీ వేశారు. చేతికర్రతో వరండాలో నడుస్తోంది. ధనలక్ష్మి ఆ పిల్ల అడుగులు లెక్కపెడుతోంది. నేను కిటికీ వైపు తిరిగాను.

మార్చి 2. పెనుకొండ.

అర్జీలో మూడో పేరు చేర్చాను. తర్వాత దాన్ని ఒకటో స్థానంలోకి మార్చాను. మార్చాక వాక్యాలు బాగా కుదిరాయి. ఈ జిల్లాలో పిల్లల ఎముకల నొప్పికి దగ్గరలో ఒక ఎక్స్-రే, చూసే మనిషి ఒకడు ఉండాలని రెండు పేజీలు రాశాను. పంపాను. నా పేరు దీర్ఘంతో సహా సరిగ్గా రాశాను.

మార్చి 3

ధర్మవరం ఓబుళప్ప ఫోన్ చేశాడు. ఇరగకుండా నొప్పి అని వచ్చిన పిల్లలను ముట్టుకోకుండా పంపేస్తున్నాడట. "యాడికి పంపేది రామాంజీ?" అన్నాడు. హిందూపురం రేష్మ నంబరు ఇచ్చాను. ముందు నేనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, మహానుభావుడు దొరికాడు అని చెప్పాను. మాట్లాడుతానన్నది మాట్లాడింది. పావుగంట విన్నాను.

ఏప్రిల్ 24

ఈ రోజు తీశారు. ఫోన్ వచ్చింది. అంతే.

మే 6

మధ్యాహ్నం ధనలక్ష్మి ఫోన్ చేసింది. ఊపిరితిత్తుల్లో ఒక మచ్చ పోయిందట, ఇంకొకటి ఉందట. అది చెప్పడానికి కాదు ఫోన్ చేసింది.

"సార్, కాలు నొస్తాంది."

"ఏ కాలు?"

"తీసేసిన కాలే సార్. బొటనవేలు కాడ. అది లేదు గదా, ఎట్ల నొస్తాది? నాయన మీకు ఫోన్ చేయమన్నాడు. ఇదేం నొప్పి సార్?"

నాకు తెలుసు. దానికి పేరుంది. రెండు పుస్తకాల్లో చదివాను. ఒకదాంట్లో యుద్ధంలో చెయ్యి పోయిన సిపాయి, లేని పిడికిలి విప్పలేక ఏడ్చిన సంగతి ఉంది. వాక్యం మొత్తం నాలుక మీదికి వచ్చేసింది. అవతల ఆ పిల్ల, ఆమె పక్కన పాపన్న ఎదురుచూస్తున్నారు. ఇంత జరిగాక కూడా పాపన్న నాకే ఫోన్ చేయమన్నాడు.

"తెలీదమ్మా," అన్నాను.

"మీకు తెలీదా?"

"తెలీదు. ఇప్పుడే డాక్టరమ్మను పిలువు. కట్టు విప్పి చూడమను. ఏమన్నదో నాకు చెప్పు."

"నాయనా, సారుకు తెలీదంట!" అంది, పక్కకు తిరిగి. ఎన్నాళ్ల తర్వాతో నవ్వింది.

కూర్చోలేక వాకిట్లో తిరిగాను. అరగంటకు మళ్లీ ఫోన్ చేసింది. నరాల సంగతి, మెదడు సంగతి, డాక్టరమ్మ చెప్పిందంతా వివరంగా నాకు చెప్పింది. ఒకచోట తప్పు చెప్పింది. నేను దిద్దలేదు.

"చూసిందా?" అని మాత్రం అడిగాను.

"చూసింది సార్. చేత్తో ముట్టి చూసింది."